మంచం మీది మబ్బులు

1951 వైశాఖం. ఆబిడ్స్ పెద్ద రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో నాకు చిన్న దుకాణం ఉండేది. ముందు గదిలో పటాలకు ఫ్రేములు కట్టేవాణ్ణి, డ్రాయింగ్ సామాను అమ్మేవాణ్ణి. వెనక గదిలో బొమ్మలు వేసేవాణ్ణి. ముందు గది నాకు కూడు పెట్టేది, వెనక గది నా పొగరును మేపేది. పొగరని ఎందుకంటున్నానంటే, నా బొమ్మ గోడ మీద ఉండగా ఎవరైనా దాన్ని చూడకుండా పక్కనున్న దేవుడి పటం సంగతి అడిగితే నాకు ఒళ్లు మండేది. "చూపు వాళ్లది, నీదేం బోయింది?" అని మా ఆవిడ ఎన్నిసార్లు అన్నా ఆ గుణం పోలేదు.

నేను ఎక్కువగా వాడింది సాఫ్ట్ పేస్టల్. రంగు పొడిని కొద్దిపాటి జిగురుతో కలిపి, సుద్దముక్కల్లా చేసి ఆరబెడతారు. నూనె లేదు, నీళ్లు లేవు, కుంచె లేదు. ముక్కతో కాగితం మీద రుద్దడం, వేలితో సర్దడం, అంతే పని. మబ్బులకు అంతకంటే మంచి రంగు నాకు దొరకలేదు. మబ్బు అంచు కుంచెకు చిక్కదు, వేలికి చిక్కుతుంది. దాని జబ్బు కూడా అదే. ఎంత బాగా వేసినా అది ఒట్టి పొడి. ఊదితే లేస్తుంది, తడితే రాలుతుంది. అందుకని పేస్టల్ బొమ్మకు అద్దం బిగించి గోడకు తగిలిస్తాం. ఇది ఆ పనిలో మొదటి పాఠం.

ఒక మధ్యాహ్నం నరహరి వచ్చాడు. నాంపల్లిలో ఏదో ఆఫీసులో గుమాస్తా. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి, స్టేషన్ వెనక ఒక పాత ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని, తల్లితో, భార్యతో, ఒక్క కూతురితో ఉండేవాడు. వాళ్ల పెళ్లి ఫోటోకు ఫ్రేము కట్టింది నేనే. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి ఆ రోజు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"విఠలన్నా, ఒక మబ్బుల బొమ్మ గావాలె. పెద్దది. మంచమంత."

"మంచమంతనా? గంత గోడ ఏడున్నది మీ ఇంట్ల?"

"గోడకు గాదన్నా. కప్పుకు."

ఎండ దెబ్బ తగిలిందేమోనని మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పాడు. కూతురు అనసూయకు తొమ్మిదేళ్లు. రైళ్లు చూడాలని ప్రహరీ గోడ ఎక్కి, అక్కడి నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. దవాఖానలో ఎముక కూర్చి, నడుము నుంచి పాదం దాకా పిండికట్టు వేశారు. కదలకుండా వెల్లకిలా పడుకోమన్నారు. చెట్టుకూ గోడకూ తేడా లేకుండా ఎక్కే పిల్లకు అది చెప్పినంత తేలిక కాదు. మంచం పక్కన కిటికీ ఉంది. ఆకాశం కనిపిస్తుందని దానివైపు తిరిగీ తిరిగీ, లోపల ఎముక జరిగింది. మళ్లీ దవాఖాన, మళ్లీ కూర్చడం, మళ్లీ కట్టు. ఈసారి జరిగితే కాలు పొట్టి అయిపోతుందని, పిల్ల జన్మంతా కుంటుతుందని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు.

"కిటికీ తెరిస్తె దిరుగుతది, మూస్తె ఏడుస్తది. ఏడ్సుకుంట గుడ కొట్టుకుంటది. మిరుగం కార్తె దాటినంక కట్టు ఇప్పుతమన్నరు. గప్పటిదాంక పోరి సక్కగ పండుకోవాలె అన్నా. గంతే. నెత్తి మీద మబ్బులుంటె పైకే జూస్తదని నా ఆశ."

సరే వేస్తానన్నాను. ఒక తండ్రి అట్లా అడిగితే కాదనడానికి నాకు నోరు రాలేదు. అతను వెళ్లాక తెలిసింది నేను దేనికి తలూపానో. పైన అద్దం, కింద పిల్ల! పాత ఇంటి దూలానికి అంత బరువు వేలాడదీసి ఏ తల్లి నిద్రపోతుంది? అద్దం లేకపోతే పొడి రాలుతుంది. రాలేది పిల్ల కళ్లలో, ముక్కులో. తుమ్మినా, కళ్లు నులుముకోబోయినా, పక్కకు ఒత్తిగిల్లినా, నా మబ్బులే ఆ కాలిని పొట్టి చేస్తాయి.

మర్నాడు కొలతలకని నాంపల్లి వెళ్లాను. అనసూయ మంచం మీద బల్లలా పడి ఉంది. తలాపున వాళ్ల బాపమ్మ, అంటే నరహరి తల్లి నర్సమ్మ, విసనకర్రతో విసురుతోంది. పిల్ల నన్ను ఎగాదిగా చూసింది.

"మబ్బులేసేటోనివి నువ్వేనా?"

"ఔ."

"దూది లెక్క ఏస్తె నేను జూడ. మా బడిల బొమ్మల గట్లనే ఉంటయి. మబ్బు దూది లెక్క ఉండదు. కింద నల్లగుంటది."

"మాటలకేం తక్కువ లేదు నాయినా," అంది నర్సమ్మ. "కాలు ఇరిగింది గని నోరు ఇరగలే."

నవ్వాను గానీ, ఆ మాట నన్ను వెంటాడింది. అంతవరకూ నేను వేసిన మబ్బులన్నీ గోడ కోసం వేసినవి. కింద ఒక గట్టో చెరువో ఉంటుంది, దాని పైన దూరంగా మబ్బులు పక్క నుంచి కనిపిస్తాయి. నడినెత్తి మీది ఆకాశానికి నేల ఉండదు. కనిపించేది మబ్బు పొట్ట. ఆ పొట్ట బూడిద రంగు, తెలుపు అంచుల్లోనే. ఇది తెలుసుకోవడానికి నేను బాగెఆమ్ తోటలో పచ్చిక మీద సాయంత్రాలు వెల్లకిలా పడుకున్నాను. ఎండాకాలం గనక మబ్బులు అరుదు, కనిపించిన నాలుగింటినీ కళ్లతో మింగాను. తోటమాలి ఒకసారి వచ్చి వంగి చూసి, "బతికే ఉన్నవా?" అని అడిగి పోయాడు.

ఇక అసలు చిక్కు, దేని మీద వేయాలన్నది. పేస్టల్ నిలవాలంటే కాగితానికి గరుకు ఉండాలి. దాన్ని టూత్ అంటారు, అంటే పన్ను. ఆ పళ్ల సందుల్లో పొడి ఇరుక్కుంటుంది. నేనొక పరీక్ష పెట్టుకున్నాను. కింద నల్ల పలక, పైన రంగు పూసిన ముక్క బోర్లా, వెనక నుంచి వేలితో దెబ్బలు. మామూలు డ్రాయింగ్ కాగితానికి పలక పౌడరు పూసిన పెళ్లికూతురి మొహంలా తెల్లబడింది. అట్టకు అంటించిన ఖద్దరు మొదట బాగానే పట్టుకుంది గానీ, విసనకర్ర గాలికి నెమ్మదిగా వదిలేసింది. సుల్తాన్ బజార్ నుంచి మఖ్మల్ ముక్క తెచ్చాను. అది పొడిని వదల్లేదు, వెలుతురునూ వదల్లేదు. దాని మీద నా తెల్ల మబ్బు తడిసిన గొంగడిలా కనిపించింది.

విసిగిపోయి అరుగు మీద కూర్చుంటే, నాకు ఫ్రేములు చేసిచ్చే వడ్రంగి పక్కనే రేగ్‌మాల్‌తో కర్ర నున్నగా రుద్దుతున్నాడు. కర్రను అరగదీసే గరుకు కాగితానికి మా ఊళ్లో అదే పేరు. ఇంతకంటే పళ్లున్న కాగితం ఇంకేముంటుంది అనుకుని ఒక సన్నరకం ముక్క లాక్కుని రంగు రుద్దాను. బోర్లా పట్టి కొట్టాను. పలక నల్లగానే ఉంది. వడ్రంగి నా గంతులు చూసి రేగ్‌మాల్ దాచుకున్నాడు.

అయితే అది చిన్న చిన్న తావులుగా దొరుకుతుంది. పలచని చెక్క మీద వాటిని పక్కపక్కన అంటిస్తే అతుకులు కనిపిస్తాయి. అందుకని ఒక్కో మబ్బు అంచును ఒక్కో అతుకు మీదికి తెచ్చాను. కాగితం గోధుమ రంగులో ఉండడం కూడా కలిసొచ్చింది, మబ్బు కింద అది ఎండ వేడిలా తొంగిచూసింది. వేళ్లకు గుడ్డ చుట్టుకోకపోతే చర్మం లేచిపోయేది. ముందు నీలం పరిచాను. తరువాత మబ్బుల పొట్టలు. వాటికి నలుపు ముక్క ముట్టలేదు, నీలం మీద ఇటుక రంగు రుద్దితే వచ్చే బూడిద రంగు ప్రాణమున్నట్టు ఉంటుంది. తెలుపు అన్నిటికన్నా చివర, అంచులకే.

చివరి తంతు ఫిక్సేటివ్. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గొట్టంతో తుంపరగా ఊదుతాం. పొడి గట్టిగా పట్టుకుంటుంది గానీ తెలుపు మసకబారుతుంది. అద్దం ఉంటే నేను దాని జోలికి పోను. ఇక్కడ పిల్ల కళ్లు ముఖ్యమా, నా తెలుపు ముఖ్యమా? పొరపొరకూ ఊదాను. మెరవాల్సిన అంచులు కళ్లముందే మసకబారుతుంటే పళ్లు కొరుక్కున్నాను.

ఇచ్చేముందు బొమ్మ వేసిన ఆ చెక్క పలకను నా వెనక గది కప్పుకు తగిలించి, దాని కింద చాప వేసుకుని కళ్లు తెరిచి పడుకున్నాను. మా ఆవిడ చేత తలుపులు ధడాలున వేయించాను, గోడకు మేకులు కొట్టించాను. తరువాత ఆమె నల్ల కొంగుతో నా మొహం తుడిచి చూపించింది. రవ్వంత పొడి లేదు.

"ఇంత సేపు నోరు మూస్కొని పండుకునుడు ఇదే మొదటిసారి," అంది.

నేనూ నరహరీ కలిసి దూలాలకు కొక్కేలు వేసి బొమ్మ తగిలించాం. అనసూయ ఈ చివర నుంచి ఆ చివరకు కళ్లు తిప్పింది. మెడ తిప్పలేదు, కళ్లే.

"కింద నల్లగనే ఏసినవ్," అంది చివరకు. ఆ పూట మారాం చేయకుండా అన్నం తిన్నదని నరహరి మర్నాడు దుకాణానికి వచ్చి మరీ చెప్పాడు. నా మనసు కుదుటపడింది.

అది ఎన్నాళ్లో నిలవలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లో పిండికట్టు లోపల ఆ పిల్ల ఎట్లా ఉందో దేవుడికే తెలియాలి. ఒకరోజు నరహరి మళ్లీ వచ్చాడు.

"మళ్ల దిరుగుతున్నదన్నా. నీ మబ్బులు కదలయంట. దినాం గవ్వే మబ్బులు ఏం జూడాలె అంటది. నిన్న మా అమ్మ పట్టుకోకుంటె పక్కకు బొర్లుతుండె. ఎముక జరిగిందో ఏమో, కట్టిప్పేదాంక తెలవదన్నరు. నాకు బుగులైతున్నది."

నాకు కోపం రావాలి, రాలేదు. పిల్ల అన్నది నిజం. మబ్బు అంటేనే పోయేది. పోని మబ్బు కప్పుకు కొట్టిన చెక్క. మర్నాడు శుక్రవారం. దుకాణం తొందరగా కట్టేసి, బొమ్మ దింపి ఇంకోటి వేసిద్దామనుకుంటూ రంగుల పెట్టె పట్టుకుని నాంపల్లి నడిచాను.

గది నిండా పొగ. కళ్లు మండిపోయాయి. మంచం తలాపున పిడత పెట్టి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లుతూ నర్సమ్మ కూర్చుని ఉంది. నేను తల పైకెత్తాను. సరిగ్గా ఆ పిడతకు పైన, నా ఆకాశం మూల మసిబారింది. అంత కష్టపడి మిగుల్చుకున్న తెలుపు మీద నల్లటి జాడ.

"పెద్దమ్మా, ఏంది గిది? బొమ్మ కింద పొగ వెడ్తరా?" నా గొంతు వీధిలోకి వినిపించి ఉంటుంది.

ఆమె ఏమాత్రం జంకలేదు. "పొగ గాదు నాయినా, ధూపం. మంగళారం, శుక్కురారం ధూపం ఎయ్యకుంటె మంచాన పడ్డ పిల్లకు గాలి సోకదా? నీ బొమ్మకు గుడ కలిపే ఏస్తున్న. దానికి మాత్రం దిష్టి తగలదా?"

ఇంతలో మంచం మీద నుంచి అనసూయ కసిరింది.

"లొల్లి జెయ్యకు మామా. గా మూలకు జూడు. మొన్న గంత నలుపు లేకుండె. వాన మబ్బు లేస్తున్నది."

"పొద్దున జూసింది నాయినా," అంది నర్సమ్మ గొంతు తగ్గించి. "గప్పటిసంది మెసల్లే."

నేను పిల్లను చూశాను. నిటారుగా పడుకుని ఉంది. చేతులు రెండూ కట్టు మీద, కళ్లు ఆ మూల మీద. నా బొమ్మను అంత శ్రద్ధగా చూసినవాళ్లు నా జీవితంలో లేరు. అదీ నేను వేయని మబ్బును! సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. బొమ్మ దింపితే ఆమె వాన పోతుంది. దింపకపోతే మసి ఒక్కటే ఎన్నాళ్లు మబ్బుగా పనిచేస్తుంది?

అప్పుడు రేగ్‌మాల్ గుర్తొచ్చింది. మామూలు కాగితం రెండు మూడు పొరలకే నున్నబడి, ఇక రంగు తీసుకోనంటుంది. రేగ్‌మాల్ పళ్లు అంత తొందరగా నిండవు. ఫిక్సేటివ్ ఊదిన పొర మీద మళ్లీ వేయవచ్చు, ఊదవచ్చు, మళ్లీ వేయవచ్చు. అంటే నా ఆకాశంలో ఇంకా చోటుంది. నరహరీ నేనూ పలకను దింపి వసారాలోకి తీసుకుపోయాం. ఆ మసిని పొడి కుంచెతో దులిపి, మిగిలిన మరకను అట్లాగే ఉంచి, దాని పక్క మబ్బు అంచును రెండు వేళ్లంత జరిపాను. ఊది, ఆరబెట్టి, మళ్లీ తగిలించాం.

"ఏడ మారిందో జెప్పు," అన్నాను.

చీకటి పడేదాకా వెతికి పట్టుకుంది. నర్సమ్మకు ఆట అర్థమైంది. అర్థం కావడమేమిటి, దానికి చట్టం కూడా ఆమే రాసింది.

"ఇను బిడ్డా, నువ్వు కదిలితె మబ్బు కదలదు. నువ్వు కదలకుంటె మబ్బు కదుల్తది."

అప్పటి నుంచి మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు నా పెట్టె పట్టుకుని నాంపల్లి పోవడం అలవాటైంది. ధూపం అయ్యాక పలక దించడం, ఒక అంచు మసకబార్చడం, ఒక నీలపు సందు మూయడం. పిల్ల కనిపెట్టేది. ఒక్కోసారి నేను మార్చనివి కూడా కనిపెట్టేది, అవి నర్సమ్మ సాంబ్రాణి పనులు. ధూపం మానమని నేను మళ్లీ అడగలేదు. ఆ నలుపు నా పెట్టెలో లేదు. తెలుపు మాత్రం వారం వారం తగ్గిపోయింది. నాకది పెద్ద బాధగా కూడా అనిపించలేదు, ఫిక్సేటివ్‌తో ఎప్పుడో మసకబారిన తెలుపే కదా. మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చేనాటికి అనసూయ నెత్తి మీద ఆకాశమంతా కమ్ముకుని, ఇక కురవడమే తరువాయి అన్నట్టు ఉంది.

బయట కూడా కురిసింది. తొలకరి పడిన వారానికి కట్టు విప్పడానికి పిల్లను జట్కాలో పరుపు వేసి దవాఖానకు తీసుకుపోయారు. ఆ రోజు నేను కట్టిన ఫ్రేములన్నీ వంకర. నా మనసంతా ఆ ఒక్క సంగతి మీదే. ఆట మొదలు కాకముందు ఆ పిల్ల పక్కకు తిరిగింది కదా. ఎముక అప్పుడే జరిగి ఉంటే? ఈ మబ్బులన్నీ ఒక పొట్టి కాలు మీద వేసిన ముసుగే అయితే?

సాయంత్రం నరహరి వచ్చాడు. వానలో తలనుంచి కాళ్లదాకా తడిసి ఉన్నాడు. వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"ఏమైంది తమ్మీ?"

రెండు అరచేతులు నా ముందు పక్కపక్కన పెట్టాడు. వేళ్ల కొసలు సమానంగా.

"డాక్టరు రెండు మడిమెలు కలిపి పెట్టి జూసిండన్నా. సమానం. జర్ర గుడ తేడా లేదు." అని ఏడ్చేశాడు.

వంకర ఫ్రేముల మధ్య నేనూ కూర్చుండిపోయాను. ఇన్నాళ్లూ గుండె మీద ఎవరో బండ పెట్టి ఉంచారని, అది తీశాక గానీ తెలియలేదు. ఇద్దరం ఇరానీ హోటల్‌కు పోయి చాయ్ చెప్పాం. అతను సగం చాయ్ సాసర్లోకి వంపుకున్నాడు. ఆ సగాన్నే ఊదుకుంటూ తాగి, ఇంకోటి చెప్పమన్నాడు.

తరువాత ఎన్నో మబ్బులు వేశాను, ఎందరికో కాగితాలు అమ్మాను. "మంచి కాయితం ఏది?" అని ఎవరైనా అడిగితే అంతకుముందు పేర్లు ఏకరువు పెట్టేవాణ్ణి. ఆ తరువాత ముందు నేనే అడుగుతూ వచ్చాను. బొమ్మ ఎక్కడ పెడతారు? ఎవరు చూస్తారు? కూర్చునా, నిలబడా, పడుకునా? ఇంట్లో ధూపం వేస్తారా? కొందరు నన్ను చాదస్తుడన్నారు. అననీ. బొమ్మకు ఆధారం కాగితం ఒక్కటే కాదని, చూసే మనిషి ఉన్న చోటు కూడా అని నేను ఆ ఇంట్లో నేర్చుకున్నాను.

శ్రావణంలో ఒకనాడు నరహరి నా పలకను తిరిగి తెచ్చాడు. "ఇగ మాకు అవసరం లేదన్నా," అన్నాడు. నా పని వెనక్కి రావడం నాకు సంతోషమనిపించింది అప్పుడే. పక్కన అనసూయ ఉంది, తండ్రి వేలు పట్టుకుని, కొత్తగా నడక నేర్చినదానిలా మెల్లగా, రెండు కాళ్లూ సమానంగా వేస్తూ. నరహరీ నేనూ కలిసి దాన్ని దుకాణం కప్పుకే తగిలించాం. సరిగ్గా అమరిందో లేదో చూసుకుని, నేను గర్వంగా వెనక్కి తిరిగాను.

"అనసూయా, పైకి జూడు. నీ మబ్బులు!"

ఆమె గడప దగ్గర చౌకట్టు పట్టుకుని, మడిమెలు లేపి నిలబడి ఉంది. ఆబిడ్స్ మిద్దెల మీదుగా నల్లటి మబ్బొకటి స్టేషన్ వైపు పోతోంది.

"జర ఆగు మామా, గాడ మబ్బు వోతున్నది," అంది తల తిప్పకుండా.

నా బొమ్మను ఆ రోజు ఎవరూ చూడలేదు. నాకు ఒళ్లు మండలేదు.